భారమెరిగిన సేనాని

దేవాలయము కట్టించిన ప్రభువు పేరు మరుగై, ఉలి పట్టిన వాని పేరు జనుల నోట నిలుచుట మన దేశమున అరుదు. ఓరుగల్లుకు 40 మైళ్లకు పైబడిన దూరమున నున్న పాలంపేటలో అట్లే జరిగినది. రామప్ప యను శిల్పి పేర ఆ గుడి ప్రసిద్ధికెక్కినదని జనశ్రుతి. కట్టించినవాడు రేచర్ల రుద్రసేనాని. కాకతీయ చరిత్ర చదివిన వారికి తెలిసిన ఈ మహాపురుషుని నేడు స్మరింప దలచితిమి.

రేచర్లవారు కాకతీయులను తరతరములుగా సేవించిన సేనానుల వంశము. 12వ శతాబ్ది చివర ఓరుగల్లునకు గడ్డుకాలము దాపురించెను. దేవగిరి యాదవులతో పోరి రుద్రదేవ మహారాజు 1195 ప్రాంతమున హతుడయ్యెను. ఆయన తమ్ముడు మహాదేవుడు పగ తీర్చుకొన బోయి, కొలది యేండ్లకే తానును రణరంగమున కూలెను. మహాదేవుని కుమారుడు గణపతిదేవుడు శత్రువులకు చిక్కెను. సింహాసనము శూన్యము, వారసుడు చెరలో, అదను చూచి తల లెత్తిన వారు పలువురు. అట్టి సమయమున రాజ్యభారమును భుజముపై నిడుకొని, తిరుగుబాటుల నణచి, రాజ్యము చీలిపోకుండ కాచినవాడు రుద్రసేనాని. దేవగిరి ప్రభువు గణపతిదేవుని విడిచిపుచ్చగా, సేనాని తాను కాపాడిన రాజ్యమును ఆయనకే అప్పగించెను.

ఈ ప్రశంస పాలంపేట శాసనమున నున్నది. ఆ శాసనము సేనాని వేయించినదే గావున, దానిని తూచి గ్రహింపుడని విమర్శకులు హెచ్చరింపవచ్చును. ఆ హెచ్చరిక న్యాయమే. కాని శాసన కాలము 1213. అప్పటికి గణపతిదేవుడు రాజ్యమునకు వచ్చి దాదాపు 14 ఏండ్లు గడచినవి. రాజు ఎదుట చెల్లని మాటను ఆయన సేనాని రాతిపై చెక్కించి యుండునా? గణపతిదేవుడు 1262 వరకు పాలించెను. ఆ సుదీర్ఘ పాలనమునకు పునాది నిలిపినవారిలో రుద్రుని ముందుగా చెప్పవలెను. కత్తియు కోశమును చేతనుండగా ఒరుల సొమ్మును ఒరుల కిచ్చివేయుట యుద్ధము గెలుచుట కంటె కష్టము.

ఆ సేనాని రుద్రేశ్వరునికి ఎత్తించిన ఆలయము నేటికిని నిలిచియున్నది. 6 అడుగుల ఎత్తైన అరుగుపై ఇసుకరాతి గోడలు, లోపల నున్నని నల్లరాతి స్తంభములు. పునాదియందు ఇసుక నింపిరని ఇంజనీర్లు చెప్పుచున్నారు. ఇంత బరువైన కట్టడమునకు శిఖరమును మాత్రము తేలిక ఇటుకలతో లేపిరి. మామూలు ఇటుకను నీట వేసిన మునుగును. ఈ ఇటుక తేలును. దాని నిండ సన్నని రంధ్రములుండుటచే, అది తనంత పరిమాణము గల నీటికంటె తక్కువ తూగును. శిఖరము తేలికయైన కొలదియు దానిని మోయు గోడలకును పునాదికిని శ్రమ తగ్గును.

ఈ వివేకము మన రైతు పొలమునను కలదు. జొన్నదంటును చీల్చి చూడుడు. పైన గట్టి బెరడు, లోపల బెండు. దంటు వంగినపుడు ఒకప్రక్క బెరడు సాగును, మరియొక ప్రక్క బెరడు నొక్కుకొనును. నడుమ నున్న బెండు ఆ రెంటిని ఎడముగా నిలిపి, ఒకదానిపై నొకటి జారనీయదు. బెరడుల నడుమ ఎడము రెట్టించిన, బిగువు సుమారు నాలుగు రెట్లగును; బరువు స్వల్పముగనే పెరుగును. 1940లో మొదట ఎగిరిన మస్కిటో యను ఆంగ్ల విమానమును ఈ సూత్రముపైననే, పలుచని చెక్కపొరల నడుమ బాల్సా యను తేలిక కొయ్య నుంచి కట్టిరి. తరువాత అల్యూమినియము రేకులను తేనెపట్టు గదులవలె మలచి నడుమ నుంచుట విమానములలో వాడుకైనది.

రామప్ప శిల్పులు విమాన విద్య నెరుగుదురని మేము చెప్పము. వారి ఇటుకలో బెరడును బెండును వేరుగా లేవు. దానిని జొన్నదంటుతో సమానమనుట సరికాదు. పూర్వులకు సర్వమును తెలియునని గొప్పలు చెప్పుకొనుట, ఏమియు తెలియదని చులకన చేయుట, రెండును సోమరులు చేయు పనులే. భారము మోయవలసిన చోట గట్టిదనము, రూపము నిలుపవలసిన చోట తేలికదనము నుండవలెనను వివేకము వారికి కలదు. అంతవరకు ఆ కట్టడమే సాక్ష్యము.

2021లో యునెస్కో ఈ ఆలయమును ప్రపంచ వారసత్వ స్థలముగా ప్రకటించినది. తెలుగువారు సంతసించిరి, సంతసింపవలసినదే. కాని నీట ఇటుక తేలుటను వినోదముగా చెప్పుకొని ఇల్లు చేరుటతో మన ధర్మము తీరదు. ఆ మట్టిని ఎట్లు కాల్చిరో, ఆ ఇసుక భారము నెట్లు పంచుచున్నదో మన విద్యార్థులు కొలిచి, తూచి, లెక్కించి తెలిసికొనవలెను. ఆ ప్రాంతపు భూస్వాములును పట్టణవాసులును అక్కడి రాయి రప్పలను తమ ఇంటి సొత్తువలె కాపాడవలెను.

భారమును ఎత్తుకొనుటయే గాక, కాలము వచ్చినపుడు దానిని దింపి అర్హునికి అప్పగించుటయు రుద్రసేనాని ఎరుగును. అధికారమును మోయువారు పాలంపేట శిఖరమును ఒకసారి తలయెత్తి చూచుట మంచిది.