కెల్విన్ ప్రభువు: సముద్రగర్భమున లోపము నన్వేషించిన మహనీయుడు

వైఫై పాస్‌వర్డును అక్షరమక్షరము సరిచూచి వ్రాసినను, అది తప్పని ఫోను త్రోసిపుచ్చుట మనలో ననేకులకు అనుభవమే. అప్పుడు మనము చేయు పని యేమి? అదే పదమును మరల మరల వ్రాయుదుము. అంతకంతకు గట్టిగా తెరను నొక్కుదుము. తుదకు ఇంటిలోని తమ్ముడు పాస్‌వర్డు మార్చివేసెనని వానిపై కోపింతుము. పంపిన మాట సరియైనదే. అందుకొనవలసిన చోట అది అందలేదు. లోపమెచ్చట నున్నది? ఈ ప్రశ్న నేడు పుట్టినది కాదు. 1858వ సంవత్సరమున అట్లాంటిక్ మహాసముద్రపు అడుగున పరచిన తంతిత్రాటిని గూర్చియు ఇదే ప్రశ్న పుట్టెను. దానికి బలప్రయోగముచే జవాబు చెప్పబోయినవాడొకడు. కొలిచి, ఓర్పుతో వెదకి జవాబు కనుగొనినవాడు వేరొకడు. ఆ రెండవవాని చరిత్రము విద్యార్థులెల్లరు తెలిసికొనదగినది.

విలియం థామ్సన్ 1824వ సంవత్సరము జూన్ 26వ తేదీన ఐర్లండు దేశమందలి బెల్‌ఫాస్టు నగరమున జన్మించెను. తండ్రి జేమ్సు థామ్సన్ గణితోపాధ్యాయుడు. విలియం ఆరేండ్ల బాలుడై యుండగనే తల్లి మరణించెను. తండ్రి తన పిల్లలకు తానే చదువు చెప్పుచు, వారికి తల్లియు తండ్రియు తానేయై పెంచెను. తండ్రికి గ్లాస్గో విశ్వవిద్యాలయమున గణితాచార్య పదవి లభించుటచే కుటుంబము స్కాట్లండునకు తరలిపోయెను. 1834లో, పదియేండ్ల ప్రాయమున, విలియం ఆ విశ్వవిద్యాలయమున విద్యార్థిగా చేరెను. పిదప 1841లో కేంబ్రిడ్జికి పోయి, 1845లో గణిత పరీక్షయందు రెండవవాడుగా నుత్తీర్ణుడయ్యెను. మరుసటి యేడు, ఇరువదిరెండేండ్లకే, గ్లాస్గోలో భౌతికశాస్త్రాచార్యుడయ్యెను. ఆ పీఠమును ఆయన 53 సంవత్సరములు అలంకరించెను.

ఆ దినములలో శాస్త్రమనగా ఆచార్యుడు చెప్పుట, శిష్యులు వినుట మాత్రమే. థామ్సన్ అట్లు తృప్తిపడలేదు. విశ్వవిద్యాలయమున వాడుకలో లేని యొక పాత ద్రాక్షసారాయి కొట్టును సంపాదించి, దానిని ప్రయోగశాలగా మార్చి, శిష్యులచేత స్వయముగా కొలతలు చేయించెను. ఏ విషయమునైనను కొలిచి అంకెలలో చెప్పజాలనిచో దానిని గూర్చిన జ్ఞానము అసంపూర్ణమని ఆయన దృఢవిశ్వాసము. 1848లో ఆయన ప్రతిపాదించిన ఉష్ణోగ్రతామానము నేటికిని ఆయన పేరనే చెల్లుచున్నది.

ఇక తంతికథకు వత్తము. భూమిమీద తంతివార్తలు త్వరితముగా పోవుచుండెను. కాని సముద్రపు అడుగున పరచిన పొడవైన తంతులలో సంకేతములు మందగించి, ఒకదానితో నొకటి కలిసిపోవుచుండెను. కారణమేమి? లోపల రాగి, చుట్టును గట్టాపర్చా అను బంక, దాని వెలుపల ఉప్పునీరు. ఈ మూడును కలిసి ఒక పొడవైన విద్యుత్పాత్రవలె నగునని థామ్సన్ గ్రహించెను. పాత్ర నిండిన పిమ్మటగాని ఆవలికొసకు సంకేతము చక్కగా చేరదు. 1855లో ఆయన లెక్కించి చూపిన నియమమిది: తంతి పొడవు రెట్టింపైనచో ఆలస్యము నాలుగు రెట్లగును, మూడు రెట్లైనచో తొమ్మిది రెట్లగును. కావున బలముగా త్రోసినంతమాత్రమున వార్త త్వరగా పోదు. రాగి లావుగా, శుద్ధముగా నుండవలెను. బంకపొర మందముగా నుండవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, ఆవలికొసనున్న యంత్రము మిక్కిలి సూక్ష్మమైన సంకేతమును సైతము గుర్తింపగలదై యుండవలెను.

అమెరికా వర్తకుడు సైరస్ ఫీల్డు ప్రోత్సాహమున 1856లో అట్లాంటిక్ తంతి సంఘమేర్పడెను. థామ్సన్ దాని డైరెక్టర్లలో నొకడయ్యెను. అయినను విద్యుత్తు వ్యవహారమంతయు వైల్డ్‌మన్ వైట్‌హౌస్ అను నాతని చేతిలో నుండెను. అతడు వృత్తిచే వైద్యుడు, విద్యుత్ప్రయోగములయందు ఆసక్తిగలవాడు, పరిశ్రమశీలి. కాని థామ్సన్ నియమమును అతడంగీకరింపలేదు. తంతియు త్వరపడి తయారుచేయబడెను. వివిధ వ్యాపారులు అమ్మిన రాగితీగెలలో విద్యుత్తును ప్రసరింపజేయు శక్తి మిక్కిలి భేదించుచున్నదని థామ్సన్ పరీక్షించి చూపునప్పటికే తంతిలో చాల భాగము సిద్ధమై యుండెను.

1857లో మొదటి యత్నమున తంతి తెగిపోయెను. మరుసటి యేడు జూన్ నెలలో అగమెమ్నాన్ అను ఓడ ఘోరమైన తుపానులో చిక్కి మునుగుటకు సిద్ధమయ్యెను. థామ్సన్ ఆ యోడలోనే యుండెను. తన శ్రమకు జీతము పుచ్చుకొనలేదు. అనారోగ్యముచే వైట్‌హౌస్ ఒడ్డుననే నిలిచిపోయెను. పలుమారులు తెగి, పలుమారులు అతుకబడి, తుదకు 1858 ఆగస్టు 5వ తేదీన ఐర్లండులోని వలెన్షియా ద్వీపమును అమెరికా తీరమందలి న్యూఫౌండ్లాండును ఆ తంతి కలిపెను. న్యూయార్కు నగరమున కాల్చిన బాణసంచావలన నగరమందిరమునకే నిప్పంటుకొనునంతటి ఉత్సవము జరిగెను.

కాని సంతోషము నిలువలేదు. ఆగస్టు 16న విక్టోరియా రాణి అమెరికా అధ్యక్షునకు పంపిన 98 మాటల సందేశము చేరుటకు సుమారు 16 గంటలు పట్టెను. పంపినవారు సరిగానే పంపుచున్నారు, ఆవలివారు గ్రహింపలేకున్నారు. వైట్‌హౌస్ ఏమి చేసెను? అయిదడుగుల పొడవుగల విద్యుత్ చుట్టలతో సుమారు 2,000 వోల్టుల బలమును తంతిలోనికి నెట్టెను. తలుపు తెరచుకొననప్పుడు తాళపుచెవిని సరిచూడక, తలుపును సుత్తితో మోదినట్లయ్యెను. లోలోపల బలహీనమై యున్న బంకపొర మరింత చెడెను.

థామ్సన్ చేసిన పని దీనికి వ్యతిరేకము. ఆయన ఆ యేటి మొదటనే అద్దపు గాల్వనామీటరును నిర్మించి యుండెను. అందు పట్టుదారమున వ్రేలాడు ఒక చిన్న అద్దము, దాని వెనుక సన్నని అయస్కాంతపు ముక్కలు. అన్నియు కలిసి గురిగింజకంటె తేలిక. దీపకాంతి ఆ అద్దముపై పడి, దూరమున నున్న కొలబద్దపై వెలుగుచుక్కగా నిలుచును. తంతిలో అణుమాత్రపు విద్యుత్తు వచ్చినను అద్దము కదలును. అద్దము వెంట్రుకవాసి కదలినను వెలుగుచుక్క కొలబద్దపై స్పష్టముగా జరుగును. పంపువాడు కేకలు వేయనక్కరలేదు. వినువాడు చెవి యొగ్గవలెను. ఇదియే ఆ యంత్రపు తత్త్వము. సంఘమువారు వైట్‌హౌస్‌ను తొలగించి, వలెన్షియా కార్యమును థామ్సన్‌కు అప్పగించిరి. కొలది బలముగల సెల్లులతోను అద్దపు యంత్రముతోను ఆయన ఆ రోగగ్రస్తమైన తంతిని మరికొన్ని దినములు పలికించెను.

ఆ స్వల్పకాలములోనే మన దేశముతో సంబంధించిన వార్తయొకటి దానిద్వారా పోయెను. 1857నాటి తిరుగుబాటు నిమిత్తము కెనడానుండి బయలుదేరుటకు సిద్ధముగా నున్న సేనలు ఇక రానక్కరలేదని ఆగస్టు చివర ఆజ్ఞ పంపబడెను. ఇందువలన 50,000 పౌనుల వ్యయము తప్పెనని లెక్కవేసిరి. సెప్టెంబరు మొదట తంతి మూగపోయెను; అక్టోబరులో పూర్తిగా మరణించెను. మొదటినుండియు అంతయు మోసమేయని కొందరు పలికిరి.

అటుపిమ్మట ప్రభుత్వమువారును సంఘమువారును కలిసి విచారణ జరిపించిరి. 1861లో ముగిసిన ఆ విచారణలో ఒక్క వైట్‌హౌస్ తప్పిదమే కాదు, తయారీలోని తొందరపాటు, తంతిని ఎండలో నిలువయుంచుట, ముందుగా తగిన పరీక్షలు చేయకుండుట మున్నగు లోపములన్నియు బయటపడెను. లోపము ఒక్కచోటనే యుండునని, ఒక్కని దోషమే యని ముందుగా నిశ్చయించుకొనరాదని ఇందువలన తెలియుచున్నది.

1860 శీతకాలమున మంచుపై ఆడుచుండగా థామ్సన్ జారిపడి తొడయెముక విరుగుటచే, జీవితాంతము కుంటుచు నడచెను. అయినను ఓడప్రయాణములు మానలేదు. 1865లో గ్రేట్ ఈస్టర్న్ అను మహానౌక క్రొత్త తంతితో బయలుదేరెను. దారిలో తంతి మాటిమాటికి చెడుచుండెను. వెనుకకు లాగి చూడగా, బంకపొరలో ఒక తీగెముక్క గ్రుచ్చుకొని యుండెను. రెండవసారియు అట్లే జరుగగా, ఓడలో ద్రోహియెవడో యున్నాడని అనుమానించి కావలివారిని పెట్టిరి. కాని తంతి పైకవచమునందలి పెళుసైన తీగెలే విరిగి గ్రుచ్చుకొనుచున్నవని తరువాత తేలెను. ద్రోహి మనుష్యుడు కాడు, ఇనుము! ఇంతలో ఆగస్టు 2న సుమారు 1,200 మైళ్లు పరచిన పిమ్మట తంతి తెగి, రెండు మైళ్లకు మించిన లోతున పడిపోయెను.

1866 జూలై 27న మరియొక తంతి విజయవంతముగా ఒడ్డు చేరెను. అంతట గ్రేట్ ఈస్టర్న్ వెనుకకు మరలి, పూర్వపు సంవత్సరము పోయిన తంతికొరకు సముద్రగర్భమున కొంకులతో గాలింపసాగెను. వలెన్షియాలో ఆ తెగిన తంతి కొసను అద్దపు యంత్రమునకు తగిలించి, ఏడాదిగా కావలి కాయుచుండిరి. వెలుగుచుక్క అర్థములేక అటునిటు చలించుటయే గాని మాట పలికినది లేదు. సెప్టెంబరు 2వ తేదీ తెల్లవారక మునుపు, చీకటిగదిలో కూర్చున్నవాని కన్నులయెదుట ఆ వెలుగుచుక్క హఠాత్తుగా క్రమము తప్పక కదలెను. నడిసముద్రమున తంతికొస దొరకినది! చచ్చినదనుకొన్న తంతి జీవించియే యుండెను. చెడినది తంతి కాదు. దానితో సంబంధము మాత్రమే తెగియుండెను.

ఆ నెలలోనే లాటిమర్ క్లార్కు అను ఇంజనీరు రెండు తంతులను ఆవలితీరమున కలిపించి, ఒక వెండి అంగుళిత్రాణములో చిన్న జింకుముక్కను కొన్ని చుక్కల ఆమ్లమును ఉంచి, ఆ విద్యుత్తుతోనే మహాసముద్రము నిటునటు దాటించి వార్తను పంపెను. 2,000 వోల్టులు చేయలేనిదానిని కుట్టుపనివారి వ్రేలితొడుగు చేసెను!

ఆ యేడే థామ్సన్‌కు సర్ బిరుదము లభించెను. 1867లో సంకేతములను కాగితముపై సిరాతో తానే వ్రాసికొను యంత్రమును ఆయన కల్పించెను. నావికుల దిక్సూచిని సంస్కరించెను. 1870లో గ్రేట్ ఈస్టర్న్ ఓడయే బొంబాయి ఏడెనుల నడుమ తంతిని పరచి, మన దేశమును సముద్రమార్గమున పాశ్చాత్య దేశములతో కలిపెను. 1892లో ఆయన కెల్విన్ ప్రభువయ్యెను. గ్లాస్గో విశ్వవిద్యాలయము ప్రక్కన ప్రవహించు చిన్న నది పేరది. 1899లో ఆచార్యపదవిని విడిచి, ఆ విశ్వవిద్యాలయముననే పరిశోధక విద్యార్థిగా తన పేరు నమోదు చేయించుకొనెను. 1907 డిసెంబరు 17న దివంగతుడై, వెస్ట్‌మినిస్టర్ ఆబేలో న్యూటన్ సమాధి చెంత విశ్రమించెను.

ఇంతటివాడును పొరబడెను. భూమి చల్లబడు రీతిని లెక్కించి, దాని వయస్సు రెండు మొదలు నాలుగు కోట్ల యేండ్లని తుదిదినములలో నమ్మెను. నేటి శాస్త్రజ్ఞులు సుమారు 454 కోట్ల యేండ్లని నిర్ణయించిరి. ఆయన గుణింతము తప్పు కాదు. భూగర్భమును గూర్చి మొదట చేసిన ఊహయే తప్పు. ఇతరుల యంత్రములయందు లోపము వెదకుటకంటె మన మొదటి యూహయందు వెదకుట కష్టతరమని ఇది మనకు నేర్పుచున్నది.

సోదర విద్యార్థులారా! ఇప్పుడు మన ఫోనునకు మరలుదము. వైఫై పాస్‌వర్డు గాలిలో యథాతథముగా పంపబడదు. ఫోనును రౌటరును చెరియొక లెక్క చేసి, ఫలితములు సరిపోయినచో కలియును. సంకేతము మందమై నడుమ ఒక వార్త పోయినను, కొన్ని ఫోనులు పాస్‌వర్డు తప్పనియే చెప్పును. కావున మొదట మీ యూహను శంకింపుడు: ఆంగ్లమున మొదటి యక్షరమును ఫోను తానుగా పెద్దది చేసెనా? సున్నకు బదులు అక్షరము పడెనా? చివర ఖాళీ చేరెనా? నెట్వర్కు పేరు మనదేనా, పొరుగువారిదా? పిదప రౌటరు దగ్గరకు పోయి చూడుడు. మరియొక ఫోనుతో పరీక్షింపుడు. అది కలిసినచో లోపము మీ ఫోనునందే యుండవచ్చును. ఏదియు కలియనిచో రౌటరును పరీక్షింపుడు. ఫోనులో నిలిచియున్న పాత పాస్‌వర్డును మరపించి క్రొత్తగా వ్రాయుడు. రెండింటిని ఆపి మరల వెలిగింపుడు. ఫోను పాతదై, రౌటరు క్రొత్త భద్రతాపద్ధతిని మాత్రమే అంగీకరించునదైనచో, పాతపద్ధతిని గూడ అంగీకరించునట్లు దానిని మార్చుడు. అమరికలన్నియు తుడిచివేయుట కట్టకడపటి ఉపాయము. అదియే వైట్‌హౌస్ సుత్తి.

ఇట్లు ఒక్కొక్కదానినే మార్చి చూచుచు పోయినవానికి లోపము దాగజాలదు. తమ్మునిపై కోపించుటకు అవకాశమును రాదు. సరియైన మాట చేరనప్పుడు గొంతు పెంచక చెవి యొగ్గుట నేర్చినవాడే కెల్విన్ ప్రభువునకు నిజమైన శిష్యుడు.