నాదగురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు

ఆంధ్రమహావిష్ణువు వెలసిన కృష్ణాతీర శ్రీకాకుళమున 1883లో పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు జన్మించిరి. వారి గురువు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రిగారు. శాస్త్రిగారి గురువు మానంబుచావడి వేంకటసుబ్బయ్యగారు త్యాగరాజస్వామికి సాక్షాత్ శిష్యులు. కావేరీతీరమున పలికిన రామభక్తిగానము ఇట్లు మన డెల్టాకు దిగివచ్చినది.

పంతులుగారు గొప్ప గాయకులే. అయినను వారి కీర్తి నిలిచినది శిష్యులవలన. శైశవముననే తల్లిని కోల్పోయిన మంగళంపల్లి మురళీకృష్ణను విజయవాడలో చేరదీసి శిక్షణ నొసగిరి. పసివానికి సరళీస్వరములు చెప్పుటకు విద్వాంసునకెంత ఓర్పు కావలెనో గృహస్థులకు తెలియనిది కాదు! ఎనిమిదేండ్లకే ఆ బాలుడు త్యాగరాజ ఆరాధనోత్సవమున కచ్చేరీ చేసెను. హరికథకులు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతులు ముచ్చటపడి అతని పేరునకు ముందు ‘బాల’ చేర్చిరి.

పంతులుగారు 1951లో పరమపదించిరి. పిమ్మట విజయవాడ ప్రభుత్వ సంగీత కళాశాలకు తొలి ప్రధానాచార్యులైనది ఆ బాలమురళీకృష్ణయే.