పలక మీది లెక్కలు: శ్రీనివాస రామానుజన్

మన ఊరి పేరులోనే కాగితం ఉంది. మిల్లు సైరన్ వింటూ పెరిగిన మనకు తెల్ల కాగితం వింత కాదు. కానీ కాగితం కొనే స్తోమత లేక పలక మీద లెక్కలు చేసి, మోచేత్తో తుడిచేసి, చివరి జవాబును మాత్రమే నోట్‌బుక్కులో రాసుకున్న ఒక మనిషి గురించి ఈ సంచికలో చెప్పుకుందాం.

శ్రీనివాస రామానుజన్ 1887 డిసెంబర్ 22న తమిళనాడులోని ఈరోడ్‌లో జన్మించారు. కుంభకోణంలో పెరిగారు. తండ్రి బట్టల దుకాణంలో గుమాస్తా. మనలో చాలామంది ఎదుర్కొన్న కులవివక్ష ఆయనకు లేదు. పేదరికం మాత్రం ఉంది. స్కూల్లో మొదటివాడిగా నిలిచి స్కాలర్‌షిప్‌తో కాలేజీలో చేరారు. అక్కడ లెక్కలు తప్ప మరేదీ చదవలేదు. ఇంగ్లీషులో తప్పడంతో స్కాలర్‌షిప్ పోయింది. 1905లో ఇంట్లో చెప్పకుండా విశాఖపట్నం వెళ్లిపోయారు. తర్వాత మద్రాసులో చదివినా ఎఫ్.ఏ. పరీక్ష గట్టెక్కలేదు.

చేతిలో డిగ్రీ లేదు, ఉద్యోగం లేదు. 1910లో నోట్‌బుక్కులు పట్టుకుని నెల్లూరు కలెక్టరు ఆర్. రామచంద్రరావును కలిశారు. గణితం తెలిసిన ఆ కలెక్టరు నెలకు 25 రూపాయలు తన జేబు నుంచి పంపారు. హాస్టల్లో తిని చదువుకుంటున్న మనకు ఆ డబ్బు విలువ వేరే చెప్పక్కర్లేదు. 1912లో మద్రాసు పోర్టు ట్రస్టులో 30 రూపాయల గుమాస్తా ఉద్యోగం దొరికింది. 1913లో ఇంగ్లండులోని హార్డీకి ఉత్తరం రాశారు. 1914లో ఓడ ఎక్కారు.

ఆ ఉత్తరంలోని ఫలితాలకు రుజువులు లేవు. చాలావరకు సరైనవే. ప్రధాన సంఖ్యల గురించి రాసిన కొన్ని మాత్రం తప్పని తేలాయి. మహామేధావి చెప్పినా సరే, పరీక్షించాకే ఒప్పుకోవడం గణితం పద్ధతి. 1917లో హార్డీతో కలిసి ఆయన ఒక విషయం రుజువు చేశారు. సంఖ్య ఎంత పెద్దదైనా, సాధారణంగా దాని ప్రధాన కారణాంకాలు బహు కొద్దిగానే ఉంటాయి.

ఆ కొద్దిపాటి కారణాంకాలను వెతకడమే కష్టం. ఆయన పేరుతో ప్రసిద్ధమైన 1729నే తీసుకుందాం. అది 12, 1ల ఘనాల మొత్తం, 10, 9ల ఘనాల మొత్తం కూడా. దాని కారణాంకాలు 7, 13, 19 అని మనమే కనుక్కోగలం. వందల అంకెల సంఖ్య అయితే కంప్యూటరు కూడా తడబడుతుంది. రెండు ఘనాల మొత్తం 1729 అనే సమీకరణాన్ని గీస్తే వచ్చేది ఎలిప్టిక్ వక్రరేఖ. అలాంటి రేఖలతో పెద్ద సంఖ్యలను విడగొట్టే పద్ధతిని హెండ్రిక్ లెన్‌స్ట్రా 1987లో ప్రచురించారు. రేఖ మీద ఒక బిందువును దానికే మళ్లీ మళ్లీ కలుపుతూ పోతారు. ప్రతి కూడికలో ఒక భాగహారం ఉంటుంది. ఒకచోట అది కుదరదు. అక్కడ గ.సా.భా. తీస్తే చాలాసార్లు కారణాంకం బయటపడుతుంది. దొరక్కపోతే ఇంకో రేఖ. రెండును 2048 సార్లు గుణించి ఒకటి కలిపితే వచ్చే 617 అంకెల సంఖ్యను 1988లో ఈ పద్ధతితోనే పూర్తిగా విడగొట్టారు.

ఇటువంటి సాఫ్ట్‌వేర్‌ను కూడా ఊరికే నమ్మరు. ముందే తెలిసిన రెండు ప్రధాన సంఖ్యలను గుణించి ఆ లబ్ధాన్ని దానికి ఇస్తారు. అవే రెండు తిరిగి వస్తున్నాయా అని చూస్తారు. కొత్త సంఖ్య అయితే వచ్చిన కారణాంకాలను తిరిగి గుణించి సరిచూస్తారు. విడగొట్టడం కష్టం, సరిచూడడం సులువు. మనం భాగహారం చేశాక గుణించి చూసుకోవడం కూడా ఇదే పని.

రామానుజన్ 1918లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. జబ్బుతో 1919లో తిరిగివచ్చి, 1920 ఏప్రిల్ 26న, 32 ఏళ్లకే మరణించారు. చివరి ఏడాది మంచంలో ఉండి రాసిన వందకు పైగా పేజీలు 1976లో కేంబ్రిడ్జి లైబ్రరీలో బయటపడ్డాయి. పలక మీద తుడిచేసినవి మాత్రం ఎవరికీ దొరకలేదు.

అందుకే తమ్ముళ్లకు మా మాట ఒక్కటే. పరీక్ష తప్పినా రఫ్ నోట్‌బుక్కు పారేయకండి. ఎక్కడ కుదరలేదో అక్కడే గీత గీసి పెట్టుకోండి. మళ్లీ మొదలుపెట్టాల్సింది అక్కడినుంచే.