గీతను పొలం గట్టు మీదికి తెచ్చిన వినోబా

బాల్కొండ: ఊళ్ళో మైకులో ఘంటసాల గొంతుతో భగవద్గీత వినిపించిందంటే, ఎవరు పోయారని ఒకరినొకరు అడుగుతారు. పల్లెల్లో గీత చావింటి పాటగా మారి చాలా ఏళ్ళయింది. కాని గీత బతికి ఉన్నవాళ్ళ కోసం చెప్పింది. యుద్ధభూమిలో విల్లు కింద పడేసి కూర్చున్న మనిషిని లేపి, అతని పని అతని చేత చేయించడానికి చెప్పిన మాటలవి. ఆ మాటలను పూజగదిలో నుండి తీసి తిరగలి దగ్గరికి, పార పని దగ్గరికి, చివరకు భూమి తగాదాల నడుమకు తీసుకుపోయిన మనిషి ఆచార్య వినోబా భావే. ఆ పనిలో ఆయన గెలిచిందీ ఉంది, ఓడిందీ ఉంది. రెండింటికీ తెలంగాణ నేల సాక్షి.

తల్లి కోరిన గీత

వినోబా అసలు పేరు వినాయక్. మహారాష్ట్రలో కొంకణ ప్రాంతంలోని గాగోదె అనే చిన్న పల్లెలో 1895 సెప్టెంబరు 11న పుట్టారు. తండ్రి నరహరి భావే బరోడాలో ఉద్యోగం చేసేవారు. తల్లి రుక్మిణీబాయికి పెద్దగా చదువు లేదు. అయినా కొడుక్కు మొదటి గురువు ఆమే. ఇంట్లో పనసపండు కోస్తే, తొనలు ముందుగా ఇరుగుపొరుగు ఇళ్ళలో ఇచ్చి రమ్మని పిల్లవాణ్ణి పంపేది. ఇంటివాళ్ళు తినడం ఆ తర్వాతే. తన దగ్గర ఉన్నదాంట్లో పక్కవాడికీ వంతు ఉందన్న పాఠం వినోబాకు పుస్తకంలో దొరకలేదు, వంటింట్లోనే దొరికింది.

రుక్మిణీబాయికి గీత అర్థం చేసుకోవాలని కోరిక. సంస్కృతం రాదు. మరాఠీలో అప్పటికి ఉన్న అనువాదాలు కొరుకుడు పడలేదు. తేలిక మాటల్లో నువ్వే రాసిపెట్టమని కొడుకును అడిగింది. 1918లో ఆమె కన్నుమూసింది. ఆ కోరిక మాత్రం వినోబా మనసులో ఉండిపోయింది. 1930 అక్టోబరులో రాయడం మొదలుపెట్టి, 1931 ఫిబ్రవరిలో ముగించారు. ఆ పుస్తకానికి గీతాయి అని పేరు పెట్టారు. మరాఠీలో ఆయి అంటే తల్లి.

పరీక్షకని బయలుదేరి

1916లో ఇంటర్మీడియట్ పరీక్ష రాయడానికి వినోబా బొంబాయి రైలెక్కారు. దారిలో సూరత్‌లో దిగిపోయి కాశీ దారి పట్టారు. అంతకు ముందే తన సర్టిఫికెట్లను తల్లి వంట చేస్తున్న పొయ్యిలో వేసి కాల్చేశారు. కాశీలో సంస్కృతం చదువుతూ ఉండగా, అక్కడి హిందూ విశ్వవిద్యాలయం సభలో గాంధీజీ చేసిన ప్రసంగం గురించి పత్రికల్లో చదివారు. ఉత్తరం రాశారు, జవాబు వచ్చింది. 1916 జూన్ 7న అహమ్మదాబాదులోని కోచరబ్ ఆశ్రమంలో గాంధీజీని కలిశారు. అప్పుడు గాంధీజీ కూరగాయలు తరుగుతున్నారు. వచ్చిన యువకుడి చేతికీ ఒక కత్తి ఇచ్చారు. వేదాంతం వెతుక్కుంటూ వచ్చిన వాడికి మొదట దొరికిన పని కూరలు తరగడం. వినోబా అక్కడే ఉండిపోయారు. 1921లో గాంధీజీ ఆయనను వార్ధా ఆశ్రమం చూసుకోమని పంపారు.

జైలులో పద్దెనిమిది ఆదివారాలు

స్వాతంత్ర్య పోరాటంలో 1932లో వినోబాను ధూలే జైలులో పెట్టారు. తోటి ఖైదీల కోరిక మీద ఫిబ్రవరి 21 నుండి జూన్ 19 వరకు, ప్రతి ఆదివారం గీతలో ఒక్కో అధ్యాయం చొప్పున చెప్పారు. అదే జైలులో ఉన్న సానే గురూజీ ఆ మాటలన్నీ రాసుకున్నారు. అదే తర్వాత గీతా ప్రవచనాలు అనే పుస్తకమై, తెలుగుతో సహా ఎన్నో భాషల్లోకి వెళ్ళింది.

ఆ ప్రసంగాలలోని ముఖ్య విషయం ఒకటుంది. చేతితో చేసేది కర్మ. దానికి మనసు కూడా కలవాలి. ఆ మనసు కలపడాన్ని వినోబా వికర్మ అన్నారు. రెండూ కలిస్తే పని బరువు తెలియదు, చేశానన్న గర్వం కూడా మిగలదు. ఆ స్థితే అకర్మ. ఇది పండితుల మాటలా కనిపిస్తుంది గాని పల్లెలో అందరికీ తెలిసిన సంగతే. ఒకరి పొలంలో గంటలు లెక్కపెట్టుకుంటూ కలుపు తీసిన వాడికి నడుము నొప్పి వస్తుంది. అదే మనిషి, మంచాన పడ్డ పొరుగువాడి చేనులో సాయంగా కలుపు తీస్తే, పొద్దు గుంకింది కూడా తెలియదు. కలుపు ఒకటే, నడుమూ ఒకటే. మారింది మనసు.

పార పట్టిన పండితుడు

చెప్పి ఊరుకునే తత్వం కాదు వినోబాది. 1938లో వార్ధాకు దగ్గరలోని పౌనార్‌లో, ధామ్ నది ఒడ్డున కాపురం పెట్టారు. 1940 అక్టోబరు 17న మొదలైన వ్యక్తి సత్యాగ్రహానికి గాంధీజీ మొదటి సత్యాగ్రహిగా ఎంచుకున్నది ఈయననే. ఆ తర్వాత జైలులో ఉన్నప్పుడు తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం నేర్చుకున్నారు.

1946లో పౌనార్ దగ్గరి సుర్‌గావ్ అనే ఊరికి భుజాన పార వేసుకొని రోజూ నడిచి వెళ్ళేవారు. వీధుల పక్కన జనం విడిచిన మలం ఎత్తి శుభ్రం చేసేవారు. ఉపన్యాసం లేదు, చందా లేదు. ఎండైనా వానైనా పొద్దు పొడిచినంత నియమంగా ఆ పని సాగింది. వేదాలు చదివిన బ్రాహ్మణుడు ఆ పని చేయడం చూసి ముక్కున వేలేసుకున్న వాళ్ళున్నారు. యజ్ఞమంటే మంటలో నెయ్యి పోయడం ఒక్కటే కాదనీ, మనం పాడుచేసిన దాన్ని మనమే బాగుచేయడం కూడా యజ్ఞమేననీ ఆయన లెక్క. 1948లో గాంధీజీ హత్య తర్వాత వేరే బాధ్యతలు మీద పడే వరకు ఆ పార దించలేదు.

ఆ పోచంపల్లి వేరు

1951 మార్చి 8న వినోబా వార్ధా ప్రాంతం నుండి కాలినడకన బయలుదేరారు. హైదరాబాదు పక్కన శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనం ఉంది. ఆదిలాబాదు సీమ మీదుగా గోదావరి దాటి, దాదాపు నెల రోజులు నడిచి అక్కడికి చేరారు. బాల్కొండ ఉన్నది కూడా ఆ నాగపూర్ - హైదరాబాదు పాత బాట మీదే.

అప్పటికి తెలంగాణ పల్లెల్లో భూమి కోసం రక్తం పారుతోంది. ఒక పక్క దొరలు, ఒక పక్క సాయుధ పోరాటం, మధ్యలో మిలిటరీ. శ్రీరామనవమి నాడు హైదరాబాదు జైలులో ఉన్న కమ్యూనిస్టు నాయకులతో మాట్లాడిన తర్వాత, వినోబా నల్గొండ వైపు సాగారు. ఏప్రిల్ 18న పోచంపల్లి చేరారు. శ్రీరాంసాగర్ డ్యాము కట్టిన మన పోచంపాడు కాదిది. అప్పటి నల్గొండ జిల్లాలోని, ఇప్పటి యాదాద్రి భువనగిరి జిల్లాలోని చేనేత పోచంపల్లి.

ఆ ఊరి హరిజన కుటుంబాలు నలభై. బతకడానికి ఎనభై ఎకరాలు కావాలన్నారు, సగం తరి, సగం ఖుష్కి. సర్కారుకు దరఖాస్తు పెట్టిద్దామని వినోబా మొదట అనుకున్నారు. అంతలోనే, సర్కారు నుండి వచ్చే వరకు ఊళ్ళో ఇచ్చేవాళ్ళెవరైనా ఉన్నారా అని అక్కడి జనాన్ని అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి వంద ఎకరాలు ఇస్తానన్నారు. అడిగింది ఎనభై, వచ్చింది వంద. ఆ రాత్రి వినోబాకు నిద్ర పట్టలేదు. భూదానం పుట్టింది ఆ రోజే.

దానం కాదు, పంపకం

ఇక్కడే ఆయన శాస్త్రజ్ఞానం పనికొచ్చింది. దానం అంటే పెద్దవాడు చిన్నవాడికి జాలితో వేసే ముష్టి అని లోకం అర్థం. శంకరాచార్యులు దానానికి సంవిభాగం అని అర్థం చెప్పారు. అంటే సమంగా పంచుకోవడం. వినోబా దాన్నే పట్టుకున్నారు. ఈశావాస్య ఉపనిషత్తు ప్రకారం ఈ జగత్తంతా ఈశ్వరుడిది. గాలి, నీరు, ఎండ ఎట్లాగో భూమి కూడా అట్లాగే. ఐదుగురు కొడుకులున్న రైతు తనను ఆరో కొడుకుగా అనుకొని, పేదవాడి పేరున ఆరో వంతు ఇవ్వాలని ఊరూరా అడిగారు. పుచ్చుకునేవాడు బిచ్చగాడు కాదు, ఇంటి పాలివాడు.

ఆ తొలి తెలంగాణ యాత్రలోనే పన్నెండు వేల ఎకరాలకు పైగా వచ్చాయి. తర్వాత దేశమంతా నడిచారు. 1964లో పౌనార్ తిరిగి చేరేసరికి పదమూడేళ్ళు గడిచాయి. మొత్తం మీద దాదాపు 42 లక్షల ఎకరాలు దానంగా వచ్చాయి. ఆయన కోరుకున్నది ఐదు కోట్లు.

కాగితం మీద మిగిలిన ఎకరాలు

లెక్కలో ఉన్నదంతా పేదల చేతికి చేరలేదు. కొందరు దాతలు గుట్టలు, చౌడు, కోర్టులో నలుగుతున్న పట్టాలు రాసిచ్చారు. మాట ఇచ్చిన తండ్రి పోయాక కొడుకులు అడ్డం తిరిగిన చోట్లున్నాయి. లక్షల ఎకరాలు ఎవరికీ పంచకుండానే ఉండిపోయాయి. ఆంధ్రప్రదేశ్‌లో 1965లో భూదాన గ్రామదాన చట్టం వచ్చింది. అయినా పట్నం చుట్టూ ధరలు పెరిగిన కొద్దీ భూదాన భూముల మీద తగాదాలూ పెరిగాయి. పోరాడి పంచుకోవాల్సిన భూమిని ప్రార్థనలతో దాటవేశారని కమ్యూనిస్టులు విమర్శించారు. 1975 ఎమర్జెన్సీ నాడు ఆయన గట్టిగా ఎదిరించలేదన్న మాట కూడా పడ్డారు.

ఈ విమర్శలను కాదనలేం. ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి. ఇచ్చిన వాడి మనసు మారిన చోట భూమి పేదవాడికి అందింది. చేయి మాత్రమే ఇచ్చి మనసు ఇవ్వని చోట రాయీ రప్పా మిగిలింది. ధూలే జైలులో ఆయన కర్మకు మనసు కలవాలని చెప్పిందీ దీన్ని గురించే. సొంత ఉద్యమంలోనే ఆ మాట నిజమని తేలింది.

ఊరికి మిగిలిన పాఠం

1982 నవంబరులో జబ్బు పడినప్పుడు వినోబా మందు, ఆహారం మానేశారు. వాడి పాతబడిన పనిముట్టును దించేసినట్టు దేహాన్ని విడవడానికి సిద్ధపడ్డారు. నవంబరు 15న, దీపావళి నాడు, పౌనార్‌లో కన్నుమూశారు. వయసు 87. మరుసటి ఏడు భారతరత్న ప్రకటించారు.

వంద ఎకరాలు ఇచ్చే స్తోమత మన ఊళ్ళలో అందరికీ లేదు. కాని గెట్టు అందరికీ ఉంది. ప్రతి ఏడూ నాగలికో ట్రాక్టరుకో పొరుగువాడి గెట్టును జానెడు కోయకుండా ఉండడం గీతే. కాలువ తూము పక్కన పొలం ఉన్నవాడు, చివరి ఆయకట్టు వాడి వరి ఎండుతోందని తెలిసి తన మడవ కట్టేయడం గీతే. పసుపు తవ్విన కూలికి, మార్కెట్లో ధర పడిపోయినా ఒప్పుకున్న కూలి ఇచ్చి పంపడమూ గీతే. వీటికి సంస్కృతం అక్కర్లేదు. రుక్మిణీబాయికీ రాదు. అయినా పనస తొనలు ముందు పక్కింటికే పంపింది.