బదిలీల డాక్టరు – తోక పిగిలిపిట్ట

పిల్లలూ! ట్రాన్స్‌ఫర్ ఆర్డరు రాగానే సామాను సర్దుకోవడం మనకు కొత్త కాదు. దాదాపు 180 ఏళ్ల క్రితం మనలాగే ఊళ్లు మారుతూ మన దేశపు పక్షుల గురించి రాసిన ఒక డాక్టరు ఉన్నారు. ఆయన పేరు థామస్ జెర్డన్.

ఆయన 1811లో ఇంగ్లండులోని డర్హం ప్రాంతంలో పుట్టారు. ఎడిన్‌బరోలో చదివి, 1835లో ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా చేరి, మరుసటి ఏడాది మద్రాసు వచ్చారు. గంజాం, జాల్నా, నెల్లూరు, తెల్లిచేరి... ఎక్కడికి పంపితే అక్కడ రోగులను చూస్తూనే పక్షులను సేకరించారు. వాటిని గుర్తించి చెప్పమని స్కాట్లండులోని ఒక పండితుడికి పంపితే, అక్కడికి చేరేసరికి పురుగు పట్టింది. ఆ తరువాత ఆయన తానే పక్షులను గుర్తించి పట్టిక రాశారు.

1862–64లో కలకత్తాలో వెలువడిన ఆయన ‘బర్డ్స్ ఆఫ్ ఇండియా’లో మన తెలుగు పేర్లు కూడా ఉన్నాయి. వాటిలో ఒకటి తోక పిగిలిపిట్ట. పిగిలిపిట్ట అంటే బుల్‌బుల్. నల్లని తల, తెల్లని ఒళ్లు, రిబ్బను లాంటి పొడుగాటి తోక ఉన్న మగపిట్టను చూస్తే ఆ పేరెందుకో తెలుస్తుంది. హిందీలో దీన్ని దూధ్‌రాజ్ అంటారు. ఒకప్పుడు మన భిలాయి కూడా ఉండిన మధ్యప్రదేశ్‌కు ఇదే రాష్ట్ర పక్షి.

ఈ పిట్టకూ బదిలీలు తప్పలేదు! 1758లో లిన్నేయస్ దీన్ని కాకుల జాబితాలో చేర్చాడు. ఎగిరే పురుగులను పడుతుంది కనుక జెర్డన్ కాలంలో ఈగపట్టు పిట్టలతో కలిపారు. డి.ఎన్.ఏ. పరీక్షలు వచ్చాక తేలిందేమంటే, దీని కుటుంబం వేరు. అదే మోనార్కిడే. అందులో దాదాపు వంద జాతులున్నాయి. ఈ కుటుంబానికి ఈగపట్టు పిట్టలకన్నా కాకులు, ఏట్రింతలే దగ్గరి చుట్టాలు. లిన్నేయస్ ఊహ పూర్తిగా తప్పు కాదన్నమాట!

జెర్డన్ 1872లో కన్నుమూశారు. ఆయన పేరుతో పిలిచే కలివికోడి అంతరించిందనుకున్నారు. 1986లో కడప జిల్లాలో అది మళ్లీ కనిపించింది. దాని జాడ చూపింది అక్కడి స్థానికులే.

కుటుంబాల పేర్లు మారినా, నెల్లూరు సీమలో జనం పలికిన పేర్లు ఆ పుస్తకంలో నిలిచాయి. మన తరగతిలో తెలుగు, ఛత్తీస్‌గఢీ, ఒడియా, బెంగాలీ ఇళ్ల పిల్లలున్నారు. ఈ సెలవుల్లో మీ అమ్మమ్మనో తాతయ్యనో అడిగి అయిదు పిట్టల పేర్లు రాసుకు రండి. తరువాతి బదిలీ రాకముందే మనం ఒక పట్టిక తయారు చేద్దాం.