కీర్తిశేషులు ఘంటసాల వేంకటేశ్వరరావుగారు

ఘంటసాల వేంకటేశ్వరరావుగారి కంఠమును విననివారు ఆంధ్రదేశమున నరుదు. వారు 1974వ సంవత్సరము ఫిబ్రవరి 11వ తేదీన పరమపదించిరి. వారు గానముచేసిన భగవద్గీత నేటికిని మన యిండ్లయందును దేవాలయములయందును వినవచ్చుచునే యున్నది. ఈ యేడు మన సభవారు వారి స్మృత్యర్థము యువగాయకులకు విద్యార్థివేతనము లేర్పరుప సంకల్పించిరి. కావున వారి జీవితమున నన్నవస్త్రములకై పడిన పాట్లను మాత్రమే మేమిచట విస్తరించి వ్రాయుచున్నాము. తక్కినది లోకవిదితము.

వారు 1922వ సంవత్సరము డిసెంబరు 4వ తేదీన గుడివాడ తాలూకా చౌటపల్లి గ్రామమున జన్మించిరి. తండ్రి సూర్యనారాయణగారు మృదంగము వాయించుచు భజనలు చేయువారు. బిడ్డను భుజముపై నెక్కించుకొని సంగీతసభలకు గొనిపోవువారు. ఆ తండ్రి కుమారుని పదునొకండవ యేటనే గతించెను. కుమారుడు గొప్ప విద్వాంసుడు కావలెనన్నదే యాయన కడపటి కోరిక. సంసారభారము మేనమామపై బడెను. బాలుడు విద్వాంసుల యిండ్లలో వంట చేసియు, బట్టలుదికియు సంగీతము నేర్వ యత్నించెను గాని పనియే మిగిలినది, పాఠము స్వల్పము.

విజయనగరమున మహారాజావారి సంగీతకళాశాల 1919లో స్థాపింపబడినది. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి ప్రథమాధ్యక్షులు. ఆ కళాశాలలో జేరవలెనని మన బాలుడు 40 రూపాయలు విలువచేయు నుంగరమును 8 రూపాయలకే యమ్ముకొని బయలుదేరెను. తీరా చేరునప్పటికి వేసవి సెలవులు; తలుపులు మూసియున్నవి. నాటి యధ్యక్షులు ద్వారం వేంకటస్వామినాయుడుగారు దయతలచి కళాశాల యావరణముననే యుండనిచ్చిరి. భోజనము వారములచే జరిగెను. నేటి పిల్లలకు వారమనగా దెలియకపోవచ్చును: దినమున కొక యింట, ఏడు దినములకు ఏడిండ్ల భోజనము.

అంతలో తోడి విద్యార్థులు చేసిన తప్పు ఈతనిపై బడెను. కళాశాలలో నీడ పోయెను. ఆ మాట విని వారము పెట్టువారును తలుపులు మూసిరి. బాలుడు ఎల్లమ్మగుడిలో దలదాచుకొనెను. పట్రాయని సీతారామశాస్త్రిగా రచట నీతనిని జూచి తమ యింటికి గొనిపోయి, వేతనము గోరక విద్య చెప్పిరి. శాస్త్రిగారును కలవారు కారు. అందుచే శిష్యుడు జోలె కట్టి మాధుకరమునకు బోయెను. తుమ్మెద పూవునకు నొప్పి కలుగకుండ తేనె గ్రహించునట్లు పది యిండ్ల పిడికెడేసి యన్నము దెచ్చుకొనుట గావున దానికా పేరు వచ్చినది. పేరు మధురమే గాని, జోలె పట్టిన పిల్లవానికి ప్రతి గుమ్మమును పరీక్షయే.

విద్య ముగించి స్వగ్రామమునకు వచ్చినపిదప 1942 నాటి స్వాతంత్ర్యోద్యమమున చెఱసాలకేగిరి. అనంతరము చెన్నపురి చేరి, సముద్రాల రాఘవాచార్యులుగారి సాయమున చలనచిత్రరంగమున బ్రవేశించి, 1945లో స్వర్గసీమ చిత్రమున బాడిరి. పాతాళభైరవి, మాయాబజారు మొదలగువానికి సంగీతము సమకూర్చిరి. 1970లో పద్మశ్రీ బిరుదము వచ్చెను. వీనికన్న మాకు ప్రియమైన సంగతి యొకటి గలదు: గురుపుత్రులు పట్రాయని సంగీతరావుగారు ఆ యింటి శిష్యునికే చిరకాలము సంగీతసహాయకులై యుండిరి. గురువుగారి యింట మొదలైన బంధము చెన్నపురిలో నట్లు నిలిచినది.

ఇక సభవారికి మా మనవి. ఒక్కనాడు శాలువ గప్పి యిచ్చు బహుమానము వేతనము కానేరదు. నెలనెల నన్నమునకును బసకును సరిపోవునట్లు, చదువు ముగియువఱకు నీయవలెను. వేసవి నెలలను విడువరాదు. మేము ఉపాధ్యాయవృత్తిలో నుండగా సెలవులకు వెళ్లి, ఆకలిచే మరల రాని పిల్లల నెందఱనో చూచితిమి. వారిలో గొంతుకలవారును గలరు. విచారణ చేయక, ఎవరో చెప్పిన మాటపై నొకని వేతనము నిలుపరాదు. నాడు ఎల్లమ్మగుడికి శాస్త్రిగారు రాకున్నచో ఏమి జరిగియుండునో సభ్యు లూహింతురుగాక.

కొందఱు సభ్యులు ఈ నిధిని మన కులమువారికే పరిమితము చేయవలె నందురు. మేమందుకు సమ్మతింపము. సెలవులలో మన పిల్లవానికి నీడ నిచ్చిన ద్వారంవారు మన కులమువారు కారు. ఆ ఋణమును మనవారికే చెల్లించుకొనుట యెట్టి న్యాయము? దరఖాస్తు పత్రమున కులమును వ్రాయు గడిని తీసివేసి, అభ్యర్థి గానమును వినుటకు సంగీతజ్ఞులను మాత్రమే నియమింపవలెనని తీర్మానము నొకదానిని ఈ సభలోనే ప్రతిపాదింపనున్నాము.