కవియు యోధుడునైన పంపడు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములవారికి వేములవాడ యనగానే రాజరాజేశ్వరస్వామి గుడియు, కోడెమొక్కును స్ఫురించును. వేయి సంవత్సరములకు పూర్వ మది చాళుక్యరాజుల రాజధాని యనియు, కన్నడమున ఆదికవిగా కీర్తిగాంచిన పంపడు ఆ కొలువునం దుండెననియు మనలో పలువు రెరుగరు.

పంపడు క్రీ. శ. 902లో జన్మించెను. పూర్వులు వేంగిదేశపు బ్రాహ్మణులు. తండ్రియగు భీమపయ్య జైనమతము నవలంబించెను, తల్లి అబ్బణబ్బె. కరీంనగరమునుండి జగిత్యాలకు పోవు దారి సమీపమున కురిక్యాల గుట్టపై తమ్ముడు జినవల్లభుడు చెక్కించిన శాసనమువలన ఈ కుటుంబవృత్తాంతము కొంత తెలియుచున్నది. అది సంస్కృత కన్నడాంధ్రములు మూడింటను వ్రాయబడినది. అందలి తెలుగు కందపద్యములు నన్నయకంటె పూర్వపువి.

వేములవాడ ప్రభువైన రెండవ అరికేసరి పంపని కవిగానేకాక యోధునిగాను ఆదరించెను. సేనలు కదలునప్పటి ధూళిని గ్రంథములయందు మాత్రమే చూచి వర్ణించిన కవులు పెక్కండ్రు. ఇత డట్టివాడు కాడు. ఆ కొలువున యుద్ధము లరుదు గావు. అరికేసరి రాష్ట్రకూటులకు సామంతుడయ్యును, చక్రవర్తియగు నాల్గవ గోవిందుని కోపమునకు గురియైన విజయాదిత్యునికి శరణమిచ్చి, అప్పగింప నిరాకరించి, చక్రవర్తి సేనలనే ఎదిరించెను. పిదప గోవిందుడు సింహాసనభ్రష్టుడయ్యెను.

941లో పంపడు ఆదిపురాణమును రచించెను. అందు భరతబాహుబలుల సేనలు బారులు తీరి యెదురెదురుగా నిలుచును. అన్నదమ్ముల కలహమునకు ఇందరు ప్రాణము లేల బలిపెట్టవలెనని మంత్రులు వారింపగా, సోదరు లిద్దరే దృష్టి, జల, మల్లయుద్ధములు సలుపుదురు. గెలిచిన బాహుబలి రాజ్యము వీడి తపమునకు పోవును. కత్తిపట్టిన కవి వ్రాసిన యుద్ధఘట్టమున సేనలు పోరకయే నిలిచిపోవుట గమనింపదగినది.

రెండవ కావ్యము విక్రమార్జునవిజయము. మొదటిది మూడు నెలలలోను, ఇది యారు నెలలలోను ముగించితినని కవియే చెప్పుకొనెను. ఇందు భారతకథానాయకుడైన అర్జునుడే అరికేసరి. ప్రభువు కొరకు కథయే మారినది: ద్రౌపది అర్జునునికే భార్య, తుదకు పట్టాభిషేకము అర్జునునికిని సుభద్రకును. ఇది రాజాశ్రయమున సహజమే యని సరిపెట్టుకొనవచ్చును.

అయితే కర్ణుని కడకు వచ్చుసరికి కవి హృదయము వేరొక త్రోవ పట్టినది. తన ప్రభువుచేత చావవలసిన శత్రువు గదా కర్ణుడు! అతడు కవచకుండలములు దానమిచ్చివేసినాడు. తాను పాండవుల అన్నయని యెరిగినాడు. ఎరిగియు సుయోధనుని విడువక రణమునకు నడచినాడు. ఆనాటి భటుడు ప్రభువునకు పడిన బాకీని కన్నడమున జోళదపాళి యందురు. జోళమనగా మన జొన్నయే. తిన్న జొన్నకూటి ఋణము ప్రాణముతో తీర్చుట యని యర్థము. మనము ఉప్పు తిన్న విశ్వాస మందుము. గెలుతునను ఆశచే పోవువాని శౌర్యముకంటె, చావు తప్పదని తెలిసి ఋణము తీర్ప బోవువాని శౌర్యమే పంపనికి మిన్నగా తోచినది. కర్ణుడు కూలిన పట్టున, భారతమున తలపదగినవాడు కర్ణుడే యని నిర్భయముగా చాటినాడు. అర్జునునితో పోల్చబడిన రాజు ఎదుటనే యీ మాట! అరికేసరి యలిగినట్లు కానరాదు. కవితాగుణార్ణవుడను బిరుదమును, ధర్మవురమను అగ్రహారమును ఇచ్చి సత్కరించెను. ఆ యగ్రహారము జగిత్యాల సీమలోని ధర్మపురియే యని కొందరు పండితుల యభిప్రాయము.

పంపని త్రోవనే రన్నకవి 982లో గదాయుద్ధమును రచించెను. నాటకమువలె నడచు ఆ కావ్యమును బి. ఎం. శ్రీకంఠయ్యగారు ఇరువదవ శతాబ్దమున రంగస్థలమునకు తెచ్చిరి. అందు దుర్యోధనుడు కడపటి పోరునకు ముందు, ద్రోణుని, కుమారుడైన లక్ష్మణుని, దుశ్శాసనుని, కర్ణుని కళేబరములను చూచి యొక్కొక్కరికడ నిలిచి విలపించుచు రణభూమిని దాటిపోవును.